పడని బుట్టకు పద్దు ఏది?



బడిలో చదువుకునే రోజుల్లో పుస్తకం క్రికెట్ ఆడని వాళ్ళు మనలో తక్కువ. పాఠ్యపుస్తకం ఎక్కడో ఒకచోట తెరుస్తాం. ఎడమ పక్క పేజీ సంఖ్యలో చివరి అంకె చూస్తాం. నాలుగైతే నాలుగు పరుగులు, ఆరైతే ఆరు, సున్నా అయితే అవుట్. మాస్టారు పాఠం ముగించేలోగా ఇక్కడ ఒక ఇన్నింగ్స్ ముగిసిపోతుంది. ఈ ఆటలో ఒక విచిత్రం గమనించారా? బ్యాట్స్‌మన్ ఉన్నాడు, పరుగులున్నాయి, అవుట్ కూడా ఉంది. ఫీల్డరు మాత్రం లేడు. బౌండరీ దగ్గర దూకి నాలుగు పరుగులు ఆపేవాడికి ఆ పుస్తకంలో ఏ పేజీలోనూ చోటు లేదు.

ఈనాటి ప్రసంగం ఆ లేని ఫీల్డరు గురించే. కాకపోతే క్రికెట్ మైదానంలో కాదు, బాస్కెట్‌బాల్ కోర్టులో. నిజమైన ఆటను కాగితం మీదో, కంప్యూటరు తెర మీదో మళ్ళీ ఆడించే ఆటలున్నాయి. వీటిని సిమ్యులేషన్ ఆటలు అంటారు. బుట్ట వేసేవాడికి ఇవి మార్కులు సులువుగానే వేస్తాయి. మరి ఎదుటివాణ్ణి బుట్ట వేయనివ్వకుండా అడ్డుకునేవాడికి, అంటే డిఫెన్స్ ఆడేవాడికి, మార్కులు ఎలా వేస్తాయి? ఆ మార్కుల్లో నిజమెంత? ఇవీ మన ముందున్న ప్రశ్నలు. ఇది పిల్లల కాలక్షేపం గొడవే కదా అనుకోకండి. చివరికి ఇది మన చెన్నై కోర్టుల్లో ఆడే పిల్లల ఎంపిక దగ్గరికే వస్తుంది.

చెన్నైకి బాస్కెట్‌బాల్ కొత్త ఆట కాదు. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే అధ్యాపకుడు చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి ఈ ఆటను కనిపెట్టారు. పీచ్ పండ్ల బుట్టలు రెండు తగిలించి, 13 నియమాలు రాసి పెట్టారు. ఆ స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే చదువుకున్న హ్యారీ క్రో బక్ 1920లో మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించారు. నందనంలో ఉన్న ఆ కళాశాలలో శిక్షణ పొందిన డ్రిల్లు మాస్టార్లు ఎందరో దక్షిణాది బడులకు వెళ్ళి ఈ ఆట నేర్పారు. 2009లో ఆసియా మహిళల బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ పోటీలు చెన్నైలోనే జరిగాయి. చైనా జట్టు గెలిచింది. భారత మహిళల జట్టుకు నాయకత్వం వహించిన చెన్నై క్రీడాకారిణి అనితా పాల్‌దురైకి 2021లో పద్మశ్రీ ప్రకటించారు. దక్షిణ రైల్వే జట్టుకు ఆడిన గీతు అన్నా జోస్‌కు 2014లో అర్జున పురస్కారం వచ్చింది.

అయితే ఈ తరం పిల్లలు బాస్కెట్‌బాల్‌ను కోర్టులో ఎంత నేర్చుకుంటున్నారో, తెర మీద కూడా అంత నేర్చుకుంటున్నారు. 1999లో మొదలైన ఎన్.బి.ఎ. టూకే వంటి ఆటల్లో అమెరికా క్రీడాకారుల్లో ప్రతి ఒక్కరికీ 99కి ఇన్ని అని మార్కులుంటాయి. దూరం నుంచి వేయడానికి ఒక మార్కు, దగ్గర నుంచి వేయడానికి ఒక మార్కు, బంతి అందించడానికి ఒకటి. అలాగే బుట్ట దగ్గర అడ్డుకోవడానికి ఒకటి, బయట అడ్డుకోవడానికి ఒకటి, బంతి లాక్కోవడానికి ఒకటి, ఎగిరి కొట్టేయడానికి ఒకటి. పిల్లలు ఈ అంకెలను పరీక్ష మార్కుల్లా నమ్ముతారు. ఎవరు దిద్దిన మార్కులివి, ఏ కాగితం చూసి దిద్దారు అని అడిగేవాళ్ళు తక్కువ.

ముందుగా ఈ ఆటలు లోపల ఎలా నడుస్తాయో చూద్దాం. కంప్యూటరు అక్కరలేదు, కాగితం చీటీలు చాలు. కంప్యూటర్లు ఇళ్ళకు రాకముందే పాచికలు, కార్డులతో ఇలాంటి ఆటలు వచ్చాయి. అమెరికాలో హాల్ రిచ్‌మన్ తయారు చేసిన స్ట్రాట్-ఓ-మ్యాటిక్ బేస్‌బాల్ ఆట 1961లో మార్కెట్లోకి వచ్చింది. అందులో ప్రతి ఫీల్డరుకూ 1 నుంచి 5 వరకు ఒక అంకె ఉంటుంది. 1 అంటే దిట్ట, 5 అంటే చేతిలో బంతి నిలవని వాడు. మన పుస్తకం క్రికెట్‌లో లేని ఫీల్డరుకు అక్కడ చోటు దొరికింది.

బాస్కెట్‌బాల్‌లో ఒక జట్టు చేతికి బంతి వచ్చినప్పటి నుంచి, వాళ్ళు బుట్ట వేసో, పోగొట్టుకునో బంతి అవతలి వాళ్ళకు చేరేదాకా ఒక వంతు అందాం. ఎన్.బి.ఎ. ఆటలో ఒక్కో జట్టుకు సుమారు 100 వంతులు వస్తాయి. సిమ్యులేషన్ ఆట ప్రతి వంతుకూ కొన్ని ప్రశ్నలు వేసుకుంటుంది. బంతి ఎవరు వేస్తారు? ఎక్కడి నుంచి వేస్తారు? పడుతుందా, పడదా? పడకపోతే వెనక్కి వచ్చిన బంతిని ఎవరు అందుకుంటారు? ఒక్కో ప్రశ్నకు ఒక్కో చీటీ తీస్తుంది. ఒక ఆటగాడు 100 సార్లు వేస్తే 50 పడతాయనుకోండి. డబ్బాలో 50 తెల్ల చీటీలు, 50 నల్ల చీటీలు వేస్తే చాలు. తెల్లది వస్తే బుట్ట పడినట్టు.

ఇప్పుడు అతని ఎదుట గట్టి డిఫెండరు నిలబడ్డాడు. డబ్బాలోని తెల్ల చీటీలు కొన్ని తీసి, వాటి స్థానంలో నల్లవి వేయాలి. ఎన్ని తీయాలి? రెండా, నాలుగా, ఏడా? డిఫెన్స్‌కు మార్కు వేయడమంటే ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడమే. చిక్కంతా ఇక్కడే ఉంది.

బుట్ట వేసేవాడికి ఈ చిక్కు లేదు. స్కోరు కాగితంలో వేసినవెన్ని, పడినవెన్ని అని రాసి ఉంటుంది. భాగహారం చేస్తే మార్కు వచ్చేస్తుంది. అడ్డుకునేవాడి సంగతి అలా కాదు. జరిగిన దాన్ని కాగితం మీద రాయగలం. జరగకుండా పోయిన దాన్ని ఎలా రాస్తాం? వేయాలని చేయి ఎత్తి, ఎదుట మనిషిని చూసి మానుకున్న బంతి ఏ లెక్కలోకీ రాదు.

అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట జరిగేటప్పుడు బల్ల దగ్గర కూర్చుని అధికారులు నింపే స్కోరుషీటు ఒకసారి చూడండి. ఎవరెన్ని పాయింట్లు వేశారో ఉంటుంది. ఎవరెన్ని ఫౌళ్ళు చేశారో ఉంటుంది. టైమ్ అవుట్లుంటాయి. అంతే. ఎవరెవర్ని అడ్డుకున్నారో రాసే గడి అందులో లేదు. అంటే డిఫెన్స్ ఆడేవాడికి ఆ కాగితంలో దొరికే చోటు ఒక్కటే, అది తప్పులు రాసే గడి. బాగా ఆడితే ఖాళీ, తప్పు చేస్తే గుర్తు. పెద్ద పోటీల్లో రీబౌండ్లు, స్టీళ్ళు, బ్లాకులు వేరే కూర్చుని రాస్తారు. చిన్న పోటీల్లో తరచు ఈ ఒక్క కాగితమే మిగులుతుంది.

అమెరికా ఎన్.బి.ఎ.లో కూడా స్టీళ్ళు, బ్లాకులు రాయడం 1973-74 సీజన్‌లోనే మొదలైంది. స్టీల్ అంటే ఎదుటివాడి నుంచి బంతి లాక్కోవడం. బ్లాక్ అంటే బుట్ట వైపు వెళ్ళే బంతిని గాలిలోనే కొట్టేయడం. ఆ లెక్క మొదలయ్యేనాటికి బిల్ రసెల్ ఆట మానేసి నాలుగేళ్ళు దాటింది. బోస్టన్ సెల్టిక్స్ జట్టుకు 13 సీజన్లు ఆడి 11 టైటిళ్ళు తెచ్చిన మనిషి ఆయన. అడ్డుకోవడంలో ఆయనంతటి వాడు లేడని సమకాలికులందరూ అన్నారు. కానీ ఆయన చేసిన బ్లాకులు ఎన్నో అధికారిక లెక్క లేదు. ఉన్న లెక్కలు చూస్తే ఆటకు 15 పాయింట్లు, 22 రీబౌండ్లు. వేసిన వాటిలో పడినవి 44 శాతం. 1960ల నాటి జట్లతో సిమ్యులేషన్ ఆట తయారు చేసేవాడు ఈ అంకెలనే నమ్ముకుంటే, రసెల్ వచ్చిన బంతులు అందుకునే పొడుగాటి మనిషిగా మిగిలిపోతాడు. 11 టైటిళ్ళు ఎందుకొచ్చాయో ఆ ఆట చెప్పలేదు. కాబట్టి తయారుచేసేవాడు కాగితం పక్కనబెట్టి, చూసినవాళ్ళ మాట మీద ఆధారపడాలి.

సరే, స్టీళ్ళూ బ్లాకులూ రాయడం మొదలయ్యాక చిక్కు తీరిందా? తీరలేదు. కొత్త చిక్కు వచ్చింది.

ఫిలడెల్ఫియా జట్టుకు ఆడిన ఆలెన్ ఐవర్‌సన్ 2000-01 నుంచి 2002-03 వరకు వరసగా మూడు సీజన్లు స్టీళ్ళ సగటులో లీగ్ మొత్తానికి మొదటివాడు. కాగితం ఒక్కటే చూస్తే అతనిని మించిన డిఫెండరు ఉండకూడదు. కానీ అప్పట్లో ప్రతి ఏటా కోచ్‌లు ఓటు వేసి ఎన్నుకుంటూ వచ్చిన అత్యుత్తమ డిఫెన్స్ జట్టులో అతనికి ఒక్కసారి కూడా చోటు రాలేదు. మరోవైపు శాన్ ఆంటోనియో జట్టులో బ్రూస్ బోవెన్ ఉన్నాడు. ఆటకు ఒక్క స్టీల్ సగటు కూడా లేని ఆటగాడు. బ్లాకులు అంతకన్నా తక్కువ. అదే కోచ్‌లు 2001 నుంచి 2008 వరకు ఎనిమిదేళ్ళు వరసగా అతన్ని ఆ జట్లలోకి ఎన్నుకున్నారు. 2003, 2005, 2007లలో అతని జట్టు టైటిల్ గెలిచింది. కాగితం ఒకటి చెప్పింది, ఎదుట నిలబడి ఆడించినవాళ్ళు మరొకటి చెప్పారు.

ఎందుకిలా జరుగుతుందో చిన్న లెక్కతో చెబుతాను. అంకెలు ఉదాహరణకే. ప్రత్యర్థి ఒక్కో వంతుకు సగటున ఒక పాయింటు సంపాదిస్తాడనుకుందాం. మొదటి డిఫెండరు పది వంతుల్లోనూ బంతి మీదికి చేయి చాపాడు. రెండుసార్లు దొరికింది, ఎదుటివాడికి సున్నా. మిగిలిన ఎనిమిది సార్లు చేయి చాపి తప్పాడు. పక్కకు తప్పుకున్న మనిషిని దాటుకుని ప్రత్యర్థి బుట్ట దగ్గరికి వెళ్ళాడు. అప్పుడు వంతుకు సగటున 1.4 పాయింట్లు వచ్చాయనుకోండి, ఎనిమిది వంతులకు 11.2 పాయింట్లు. రెండో డిఫెండరు ఒక్కసారి కూడా చేయి చాపలేదు. ఎదుటే నిలబడి, కాళ్ళు కదుపుతూ, ప్రతి బంతినీ ఇబ్బంది పెట్టి వేయించాడు. వంతుకు 0.9 చొప్పున పది వంతులకు 9 పాయింట్లు. కాగితం మీద మొదటివాడికి రెండు స్టీళ్ళు, రెండోవాడికి సున్నా. నిజానికి రెండోవాడు తన జట్టుకు 2.2 పాయింట్లు ఎక్కువ మిగిల్చాడు. స్టీళ్ళు లెక్కబెట్టి మార్కులు వేసే ఆట మొదటివాడికి 90, రెండోవాడికి 50 వేస్తుంది. స్టీల్‌కు విలువ లేదని కాదు. దాని కోసం ఎన్నిసార్లు పందెం కాశాడో రాయకపోవడమే లోపం.

బ్లాకుల్లోనూ ఇంతే. గ్యాలరీలోకి పోయేలా బంతిని కొడితే చప్పట్లు మోగుతాయి, కానీ గీత దాటిన బంతి మళ్ళీ ప్రత్యర్థికే దక్కుతుంది. రసెల్ బంతిని మెల్లగా తట్టి తన జట్టువాడి చేతికి అందేలా చేసేవాడని ప్రసిద్ధి. కాగితంలో రెండూ ఒక్కో బ్లాకే. ఇంకా పై మెట్టు ఒకటుంది. రెండుసార్లు బంతి కొట్టించుకున్నవాడు మూడోసారి లోపలికే రాడు. అప్పుడు బ్లాకు పడదు. అసలు ఫలితం మాత్రం అదే.

ఇది మన చెడుగుడు తెలిసినవాళ్ళకు వెంటనే అర్థమవుతుంది. కూతకు వెళ్ళినవాడు గీత దాటి వచ్చి, మూలల్లో నిలబడ్డవాళ్ళను చూసి, ఎవర్నీ తాకకుండా వెనక్కి పోతాడు. పట్టేవాళ్ళ పేరిట ఏ పాయింటూ చేరదు. కానీ ఆ భయం పెట్టింది వాళ్ళే. 2014లో మొదలైన ప్రో కబడ్డీ లీగ్‌లో ఈ మౌనమైన పనికి విలువ కట్టే నియమం ఉంది. వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది చావో రేవో. అందులో పాయింటు తేకపోతే కూతకు వెళ్ళినవాడు అవుట్. తమిళ్ తలైవాస్, తెలుగు టైటాన్స్ ఆటలు చూసేవాళ్ళకు ఇది తెలిసిన విషయమే. బాస్కెట్‌బాల్‌లోనూ ఇలాంటిది ఉంది. 24 సెకన్లలోగా బుట్ట వైపు బంతి వేయకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఐదుగురు కలిసి ఎవర్నీ కదలనీయకుండా 24 సెకన్లు బిగిస్తే, అంతకు మించిన డిఫెన్స్ లేదు. కానీ గణాంకాల్లో అది ప్రత్యర్థి జట్టు చేసిన పొరపాటుగానే నమోదవుతుంది. ఆపిన ఐదుగురిలో ఏ ఒక్కరి పేరు పక్కనా ఏమీ చేరదు.

మరి ఆటలు తయారుచేసేవాళ్ళు ఏం చేస్తున్నారు? వాళ్ళ ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటి దారి, కాగితంలో ఉన్న స్టీళ్ళు, బ్లాకులు, రీబౌండ్లు కూడి మార్కు వేయడం. ఇది చవక, సులువు. దీని లోపం ఇప్పుడే చూశాం. రెండో దారి, ఆట బాగా తెలిసినవాళ్ళను కూర్చోబెట్టి, చూసిన దాన్ని బట్టి మార్కులు వేయించడం. రసెల్‌కూ బోవెన్‌కూ న్యాయం జరిగేది ఈ దారిలోనే. అయితే మనుషులకు మొహమాటాలుంటాయి. ఒకసారి వచ్చిన పేరు ఆట తగ్గాక కూడా నాలుగేళ్ళు నిలుస్తుంది. పొడుగాటివాణ్ణి చూస్తే అడ్డుకోగలడనే అనిపిస్తుంది. ఆవేశంగా ఆడేవాడు కంటికి ఆనుతాడు, ముందే సరైన చోట నిలబడేవాడు ఆనడు.

మూడో దారి, వ్యక్తి నుంచి కాకుండా జట్టు నుంచి మొదలుపెట్టడం. జట్టు 100 వంతులకు ఎన్ని పాయింట్లు ఇచ్చిందో కచ్చితంగా తెలుసు. ఆ మొత్తాన్ని ఆటగాళ్ళకు పంచాలి. డీన్ ఆలివర్ 2004లో వెలువరించిన బాస్కెట్‌బాల్ ఆన్ పేపర్ అనే పుస్తకంలో ఈ పంపకానికి ఒక పద్ధతి చూపించారు. ఎవరు చేశారో తెలిసిన స్టీళ్ళు, బ్లాకులు, రీబౌండ్లు వాళ్ళవాళ్ళ ఖాతాలో వేయడం, ఎవరి వల్లో తెలియని మిగతా భాగాన్ని జట్టు సగటు ప్రకారం అందరికీ పంచడం. ఉమ్మడి కుటుంబంలో ఖర్చు పంచినట్టన్నమాట. ఇందులోనూ ఒక ఇబ్బంది ఉంది. కష్టపడే నలుగురి మధ్య బద్ధకస్తుడు ఒకడుంటే వాడికీ మంచి మార్కు వస్తుంది. బలహీన జట్టులో ఒంటరిగా పోరాడేవాడికి చెడ్డ మార్కు వస్తుంది.

దీనికి విరుగుడుగా మరో లెక్క వచ్చింది. ఫలానా ఆటగాడు కోర్టులో ఉన్నప్పుడు జట్టు ఎన్ని పాయింట్లు ఇచ్చింది, బెంచీ మీద ఉన్నప్పుడు ఎన్ని ఇచ్చింది అని పోల్చడం. 2009లో రచయిత మైకేల్ లూయిస్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో హ్యూస్టన్ జట్టు ఆటగాడు షేన్ బాటియర్ గురించి పెద్ద వ్యాసం రాశారు. కాగితం మీద బాటియర్ సామాన్యుడు. కానీ అతను కోర్టులో ఉంటే తన జట్టువాళ్ళు మెరుగ్గా ఆడతారు, అవతలివాళ్ళు తగ్గుతారు అని ఆ జట్టు లెక్కల్లో తేలింది. కోబీ బ్రయంట్ వంటి గొప్ప ఆటగాణ్ణి అడ్డుకునేటప్పుడు బంతి లాక్కోవాలని చూసేవాడు కాదు. కోబీకి ఎక్కడి నుంచి వేస్తే తక్కువ పడతాయో ముందే చదువుకుని, అతన్ని అటువైపు నెట్టేవాడు. అయినా ఎదుటివాడు వేస్తే కొన్ని పడతాయి. వంద వంతుల్లో తేడా కనిపిస్తుంది, ఒక్క వంతులో కనిపించదు.

2013-14 సీజన్ నుంచి ఎన్.బి.ఎ. స్టేడియాలన్నిటిలో పైకప్పు దగ్గర కెమెరాలు పెట్టి ప్రతి ఆటగాడి కదలికనూ నమోదు చేయడం మొదలుపెట్టారు. క్రికెట్‌లో ఎల్.బి.డబ్ల్యు. నిర్ణయాలకు వాడే హాక్ ఐ పరిజ్ఞానాన్ని 2023-24 నుంచి అక్కడా వాడుతున్నారు. బంతి వేసేటప్పుడు దగ్గరలో ఉన్న డిఫెండరు ఎవరు, ఎన్ని అడుగుల దూరంలో ఉన్నాడు అనేది ఇప్పుడు తెలుస్తుంది. అంటే పడని బుట్టకు కొంతవరకు పద్దు రాయగలుగుతున్నారు. సిమ్యులేషన్ ఆటల మార్కులకు ఇది మంచి ఆధారం. అయితే ఎవరు ఎవరి పొరపాటును సరిదిద్దడానికి పరుగెత్తారో కెమెరా చూస్తుందే గాని, ఎందుకు పరుగెత్తారో చెప్పదు.

ఇంతవరకు మార్కు సంగతి. ఇక విలువ సంగతి. ఈ రెండూ ఒకటి కావు. 80 మార్కుల డిఫెండరు జట్టుకు ఎంత లాభం తెస్తాడనేది వేరే ప్రశ్న.

బంతి వేసే పనిలో ఐదుగురికీ కలిపి బంతి ఒక్కటే. ఐదుగురూ గొప్ప స్కోరర్లైతే నలుగురు చేతులు కట్టుకుని చూడాలి. అందుకని స్కోరర్ల మార్కులు ఉన్నవున్నట్టు కూడవు. అడ్డుకునే పనిలో అలా కాదు, ఐదుగురికీ ఒకేసారి పని ఉంటుంది. అయితే ఎక్కడ దాడి చేయాలో ఎంచుకునేది ప్రత్యర్థి. నాలుగు గోడలు గట్టిగా కట్టి ఒక పక్క తలుపు తీసి ఉంచితే దొంగ ఆ తలుపులోంచే వస్తాడు. ఐదుగురి డిఫెన్స్ మార్కుల సగటు తీసి లెక్క వేసే ఆట ఈ సంగతి మరిచిపోతుంది. మంచి సిమ్యులేషన్ ఆటలో ప్రత్యర్థి బంతి ఎక్కువగా మీ బలహీనుడి వైపే రావాలి. అలా వచ్చేటట్టు తయారుచేసిన ఆటలో, అందరికన్నా గొప్ప డిఫెండరును తెచ్చుకోవడం కన్నా అందరికన్నా బలహీనుణ్ణి బాగుచేయడం ఎక్కువ ఫలితమిస్తుంది.

నిలబడే చోటును బట్టి కూడా విలువ మారుతుంది. బయట, దూరంగా ఆడే డిఫెండరు ముఖ్యంగా తన ఎదుటివాణ్ణే చూసుకుంటాడు. బుట్ట కింద నిలబడే పొడుగాటి డిఫెండరు దగ్గరికి మాత్రం ఐదుగురిలో ఎవరు తప్పించుకున్నా రావాల్సిందే. అతని పని ఐదుగురి మీదా పడుతుంది. బాస్కెట్‌బాల్ జి.ఎం. అనే కంప్యూటరు ఆటలో లోపలి డిఫెన్స్‌నూ బయటి డిఫెన్స్‌నూ విడివిడిగా లెక్కవేస్తారు. లోపలిదానికి పొడుగు ప్రధానం, బయటిదానికి వేగం ప్రధానం. రెండింటిలోనూ డిఫెన్స్ తెలివి అనే మరో అంకె కలుస్తుంది. ఎక్కడ నిలబడాలో తెలియడానికి మార్కు ఇవ్వడమన్నమాట. బోవెన్ వంటివాళ్ళకు చోటు దొరికేది అక్కడే.

ఈ ఆటలాడే పిల్లలకు ఒక సూచన. డబ్బు పరిమితి పెట్టి జట్టు కొనుక్కోమనే ఆటల్లో ముందుగా తెలుసుకోవాల్సింది ఇది: ఆట లోపలి యంత్రానికి డిఫెన్స్ విలువ తెలుసా? తెలిసి ఉండి, ధర మాత్రం పాయింట్లను బట్టి పెట్టి ఉంటే, డిఫెండర్లు చవగ్గా దొరుకుతారు, కొనండి. యంత్రానికే తెలియకపోతే ఎంత మంచి డిఫెండరును కొన్నా దండగే. యంత్రం ఏం లెక్కబెడుతుందో అదే గెలుస్తుంది.

శ్రోతలారా, ఇప్పుడు తెర మీది నుంచి కోర్టు మీదికి వద్దాం. ఎంపిక సంఘం కూడా ఒక యంత్రమే. అది ఏం లెక్కబెడుతుందో ఆ పిల్లలే పైకి వస్తారు. చెన్నైలో బాస్కెట్‌బాల్ ఆడటం సరదా ఒక్కటే కాదు. క్రీడల కోటాలో కళాశాల సీటు రావచ్చు. రైల్వేలోనో బ్యాంకులోనో ఉద్యోగం రావచ్చు. సామాన్య కుటుంబంలో అది ఇంటిల్లిపాదికీ ఆధారం. జట్టులో ఒక అమ్మాయి ఆటకు 20 పాయింట్లు వేస్తుంది. ఇంకో అమ్మాయి ఎదుటి జట్టులో 20 వేసే అమ్మాయిని 8 దగ్గర ఆపుతుంది. స్కోరుషీటులో మొదటి అమ్మాయి పేరు పక్కన 20 అని ఉంటుంది. రెండో అమ్మాయి పేరు పక్కన 2 పాయింట్లు, 4 ఫౌళ్ళు అని ఉంటుంది. కాగితం చూసి ఎంపిక చేసేవాళ్ళు ఎవర్ని తీసుకుంటారో వేరే చెప్పనక్కరలేదు. ఆ అమ్మాయి మరుసటి ఏడాది ఏం నేర్చుకుంటుంది? అడ్డుకోవడం మానేసి తనూ బంతి వేయడం నేర్చుకుంటుంది. జట్టు ఓడిపోతుంది, ఎందుకు ఓడిందో ఎవరికీ అర్థం కాదు.

దీనికి కెమెరాలు అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు, బయట కూర్చున్న ఒక విద్యార్థి చాలు. ఒక్కో ఆటగాడికి ఒక పేజీ, పేజీకి నాలుగు గడులు. మొదటి గడిలో, ఆ వంతులో ఎవరిని అడ్డుకుంటున్నాడు. రెండో గడిలో, బంతి అతని వైపు వచ్చిందా లేదా. మూడో గడిలో, వస్తే ఎలాంటి బంతి వేయించాడు, తేలికైనదా కష్టమైనదా. నాలుగో గడిలో, ఎన్ని పాయింట్లు పోయాయి. ఆట ముగిశాక పోయిన పాయింట్లను వంతులతో భాగించండి. బంతి అసలు అతని వైపే రాకపోతే దాన్నీ గుర్తు పెట్టండి. ప్రత్యర్థి అటు రావడం మానుకున్నాడంటే అదీ ఒక మార్కే.

మూడో గడి ఎందుకు పెట్టామంటే అదృష్టాన్ని వేరు చేయడానికి. నాణెం పదిసార్లు ఎగరేస్తే బొమ్మ మూడుసార్లో అంతకన్నా తక్కువో పడే అవకాశం సుమారు 17 శాతం, అంటే ఆరింట ఒకసారి. సగం బంతులు వేయగల ప్రత్యర్థి ఒక ఆటలో పదింట మూడే వేశాడంటే అది డిఫెండరు గొప్ప కావచ్చు, వట్టి అదృష్టమూ కావచ్చు. ఒక్క ఆట చూసి తీర్పు చెప్పకూడదు. కష్టమైన బంతులే వేయించాడా అని చూడాలి, పది పదిహేను ఆటల లెక్క కలపాలి. ఎవరిని అడ్డుకున్నాడో కూడా చూడాలి. ఎప్పుడూ అవతలి మేటి ఆటగాడి మీదికే పంపే డిఫెండరుకు లెక్క కాస్త ఎక్కువ పాయింట్లే చూపిస్తుంది. అది అతని లోపం కాదు, మాస్టారికి అతని మీద ఉన్న నమ్మకం.

డ్రిల్లు మాస్టార్లు ఈ పుస్తకాన్ని ఒక సీజన్ పాటు రాయించి, ఎంపిక రోజున స్కోరుషీటు పక్కన పెట్టి చూడండి. తల్లిదండ్రులు ఆట నుంచి వచ్చిన పిల్లల్ని ఎన్ని పాయింట్లు వేశావని అడిగినట్టే, ఎవరిని ఆపావని కూడా అడగండి. సిమ్యులేషన్ ఆటలు తయారుచేసేవాళ్ళు 60 ఏళ్ళకు పైగా వెతుకుతున్న జవాబు అంత సులువుగా దొరికేది కాదు. కానీ ఆ ప్రశ్న వేయడం మొదలుపెడితే, ఇంతకాలం ఖాళీగా కనిపించిన గడుల వెనుక ఎవరెవరున్నారో మనకు తెలిసివస్తుంది.